ఎర్ర పోగు కట్టినాయన

మంట దగ్గరికి జరుగుండ్రి, పొగ అటు దిక్కే పోతున్నది. సోలాపూర్ చలి పెద్ద చలేం కాదు గాని ముసలి బొక్కలకు ఇదే చాలు.

మన సంఘం యూతోళ్ళు నిన్న వచ్చి అడిగిర్రు. "తాతా, క్రిస్మస్ కూటంల సాక్ష్యం చెప్పు, మన కొంతం చౌక్ సాలోళ్ళల్ల కొందరు ఏసయ్య దిక్కు ఎట్ల మర్రిర్రో చెప్పు, అయిదు నిమిషాలు" అని. అయిదు నిమిషాలల్ల నా దగ్గు కూడ ఒడవదు. మైకు ముందర చెప్పే ముచ్చట కూడ కాదిది. అందుకే ఈడ చెప్తున్న. నిద్రొచ్చినోళ్ళు పోయి పండుకోండ్రి, నేనేమనుకోను.

మనోళ్ళు ఈ ఊరికి బతుకుదెరువుకు వచ్చినోళ్ళని మీకు ఎరుకనే. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, మెదక్ దిక్కులకెళ్ళి, నిజాం రాజ్యంలకెళ్ళి నడుసుకుంట వచ్చినోళ్ళు. 1876ల పట్టిన కరువు రెండేండ్లు దక్కన్ అంతట ఊడ్చిపెట్టింది. ఆ కరువు నడుమనే, 1877ల, మోరార్జీ గోకుల్‌దాస్ సేట్ గిర్ణి ఈ ఊర్ల మొదలైంది. మనం జూనీ గిర్ణి అంటమే, అదే. భోంగా మోగితే ఊరంత లేసేదట. మగ్గం గుంతల కూసునే మనిషి గిర్ణిల నిలబడి పని చేసుడు అప్పుడు నేర్చుకున్నడు. గిర్ణి పని దొరకనోళ్ళు సందుల మగ్గం పెట్టిర్రు, తర్వాత సాంచాలొచ్చినయి, చాదర్లొచ్చినయి. ఆడోళ్ళు బీడీలల్ల పడిర్రు. వచ్చేటప్పుడు మన సాలోళ్ళు కొలిచే మార్కండేయుని కూడ ఎంబడి తెచ్చుకున్నరు. రాఖీ పున్నమకు, మరాఠోళ్ళు నారళీ పౌర్ణిమ అంటరు, ఆ రోజు రథం ఎల్లుతది. ఆ రథం తాడు నేను కూడ పట్టిన.

ఇగ క్రైస్తవం. మనం రాకముందు నుంచే అది ఈ ఊర్ల ఉన్నది. అమెరికన్ మరాఠీ మిషనోళ్ళు 1860లల్లనే వచ్చి బడులు పెట్టిర్రు. కాని వాళ్ళ పాట, ప్రార్థన అంత మరాఠీల. మా తాతకు మరాఠీ అంటే బజార్ల బేరం చేసేంత మాత్రమే. చౌరస్తాల నిలబడి దొరలు చెప్తుంటే ఇనెటోడట, చిన్న పుస్తకం ఇస్తే తీసుకునెటోడట. ఆ కాగితాలల్ల మా అవ్వ తంబాకు పొట్లం కట్టుకునేది. అంటే ఏంది? మాట చెప్పిర్రు, మాట ఇన్నం, ఇంటికి పోయినం. ముప్పై, నలభై ఏండ్లు గదే కథ.

ఇందాక చెప్పిన 1876 కరువులనే ఒంగోలు దిక్కు ఇంకోటి జరిగింది. జాన్ క్లౌ అనే బాప్టిస్టు దొర బకింగ్‌హాం కాల్వల కొంత దూరం తవ్వే గుత్త తీసుకొని కరువు జనానికి పని ఇచ్చిండు. పని చేసినోళ్ళల్ల వేల మంది బాప్తిస్మం ఇయ్యుమని అడిగిర్రు. ఆయన ఇయ్యలే. బియ్యం కోసం వచ్చిర్రంటరని, కరువు సాయం నడిచినన్నాళ్ళు ఆపిండు. ఆ సాయం బందైనంక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజుల 2,222 మందికి బాప్తిస్మం అయింది. మన పాస్టరుగార్లకు ఆ లెక్క నోటికి వస్తది. నాకు ఆ లెక్క కంటే దానికి పన్నెండేండ్ల ముందటి మనిషి ముఖ్యం. యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ యాపారం చేసే మాదిగాయన, 1866ల బాప్తిస్మం తీసుకొని తన ఊరికి పోయిండు. క్లౌ దొర ఆ పల్లెలల్ల విశ్వాసులకు పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పని చెయ్యద్దు, సచ్చిన గొడ్డు మాంసం తినద్దు, విగ్రహాలకు మొక్కద్దు. ఇనేటందుకు సుల్వుగున్నది. కాని మాదిగ మనిషి జాతరల డప్పు కొట్టనంటే, సచ్చిన గొడ్డును ముట్టనంటే ఊరు ఊకుంటదా? బాయిల నీళ్ళు బంద్, పని బంద్, దెబ్బలు. అన్నీ పడుకుంట ఏండ్లకేండ్లు నిలబడిర్రు. పల్లె అంత సూసింది. ఆ సూసుడే 1878 దాకా వచ్చింది, నన్నడిగితే.

సరే, మన చౌక్‌కు వద్దాం.

నాకు తొమ్మిది, పదేండ్లు ఉండె. మా నాయిన ఒక సేట్ కార్ఖానాల సాంచా నడిపెటోడు. ఆయన పక్క సాంచా మీదికి కొత్త మనిషి వచ్చిండు. మెదక్ దిక్కాయన, మాల క్రైస్తవుడు. పేరు చెప్పను, ఆయన మనుమలు ఇప్పుడు పూనాల ఉన్నరు, వాళ్ళకు ఇష్టమో కాదో. మేం ఆయనను మెదకాయన అనెటోళ్ళం. వాళ్ళ నాయిన మెదక్ పెద్ద గుడి కట్టేటప్పుడు రాళ్ళు మోసిండట. పోస్నెట్ దొర కట్టిచ్చిండే, 1914ల మొదలువెట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిర్రు, గదే గుడి. కరువు రోజులల్ల ఎంతమంది కడుపు నింపిందో ఆ గుడి పని.

మెదకాయన కార్ఖానాల ప్రార్థన చేయలే, పాట పాడలే, ఎవల్కి పుస్తకం ఇయ్యలే. టిపిన్ విప్పేముందు కండ్లు మూసెటోడు, అంతే. కాని ఒక పని చేసెటోడు. చాదర్ నేసేటప్పుడు పడుగు పోగు తెగితే, సూడక కొంచెం దూరం నడిస్తే, బట్టల గీత పడ్తది. మిగిలినోళ్ళందరు ఏం చేసెటోళ్ళు? ఆ తప్పు లోపటి మడతకు వచ్చేటట్టు మలిచి కట్టల పెట్టెటోళ్ళు. సేట్‌కు తెలుసు, ముకద్దంకు తెలుసు, తెలియంది కొనేటోనికే. మెదకాయన మాత్రం తప్పు పడ్డ కాడ అంచుకు ఒక ఎర్ర పోగు ముడేసెటోడు. కొనేటోడు సూసి ధర తక్కువ చేసి తీస్కపోవాలె అని.

సేట్ ఊకున్నడా? ఒక్క చాదర్‌కు ధర తక్కువైతే ఆ పైసలు ఆయన వారం పగార్‌లకెళ్ళి కోసిండు. కోస్తే ఇచ్చిండు. మల్ల కట్టిండు, మల్ల కోసిండు. మా నాయిన ఇంటికొచ్చి నవ్వెటోడు, "వానికి పిచ్చి లేసింది, తన పగార్ తనే తెంపుకుంటున్నడు" అని. ఒకనాడు అడిగిండట, "ఎందుకు కడ్తవ్ రా?" అని. ఆయన చెప్పింది ఇంతే: "నేను నేసిన బట్ట అన్నా. తప్పు కూడ నాదే." వాక్యం చెప్పలే, దేవుని పేరెత్తలే. మా నాయిన ఇంకింత చెప్తడేమోనని నిలబడ్డడు. ఆయన సాంచా చాలు చేసిండు.

ఏడాది తిరిగింది. బొంబాయి యాపారి ఒకాయన కట్టలు సూసేటందుకు వచ్చి, ఎర్ర పోగు లేని మెదకాయన కట్టలు విప్పకుండనే తీస్కపోయిండు. మిగిలినోళ్ళయి మాత్రం ఒక్కొక్కటి పరిచి ఎలుతురుకు పట్టి సూసిండు. సేట్ అప్పటి నుంచి కోసుడు బంద్ చేసిండు. సేట్‌కు దైవభక్తి కలిగిందనుకోకుండ్రి, లెక్క కలిసింది, అంతే.

ఆయనకు ఆదివారం సుట్టీ లేకుండె. కార్ఖానా సుట్టీ వేరే రోజు. శనివారం రాత్రి అందరు పోయినంక ఉండి, ఆదివారం పొద్దుటి పని ముందే నేసి పోయెటోడు. ఆయన సాంచా ఎప్పుడు బాకీ పడలే. ఇప్పటి పోరగాళ్ళు కొందరు ఆరాధనకు పోవాలని చెప్పి పని ఎగ్గొడ్తరు, అది మల్ల యజమాని కండ్లల్ల ఏసయ్యకే మచ్చ. సరే, ఆ ముచ్చట విడువుండ్రి.

ఇగ మా ఇంటి కథ. ఆ ఏడాది ఎండకాలం నాకు అమ్మవారు పోసింది. ఈ మొకం మీది గుంటలు ఎక్కడివనుకున్నరు? నాకు, నా చెల్లెకు ఇద్దరికి. గుమ్మానికి యాపమండలు కట్టిర్రు. మేమున్న చాల్‌ల ఒక్కలు మా గడప తొక్కలే. తప్పనను, అందరికి పిల్లలుండె. మా నాయిన ఊరికి పోయి ఉండె, మా అమ్మ ఒక్కతే. మూడొద్దులు నిద్ర లేదు.

మెదకాయన పెండ్లాము గడప కాడికి వచ్చింది. ఆమె మొకం నిండ కూడ గుంటలే. "నాకు చిన్నప్పుడే పోసిందక్కా, మల్ల రాదు, లోపటికి రానియ్యి" అన్నది. మా అమ్మ ఏం మాట్లాడలే. పద్మశాలోళ్ళ ఇల్లు, ఆమె మాలామె. అప్పటి రోజులు మీకు తెల్వయి, నల్ల కాడ ఆమె బిందె అందరి బిందెలు నిండినంకనే పెట్టేది. ఆమెకు మా అమ్మ మనసుల ఏమున్నదో తెలుసు. అందుకే ఏమన్నదంటే, "మీ బియ్యం, మీ గిన్నె, మీ నీళ్ళు. నువ్వే ఎసట్ల పొయ్యి, నేను ఉత్తగ పొయ్యి కాడ కూసుంట. నువ్వు జరసేపు ఒరుగు" అన్నది. అట్ల అడిగింది సూడుండ్రి, మా అమ్మ మర్యాద పోకుండ. మా అమ్మ గోడకు ఒరిగి ఏడ్సిందట. ఏడ్సి, "నువ్వే పోసి నువ్వే వండు" అన్నది.

మా చీము బట్టలు ఆమె ఉడకబెట్టి ఉతికింది. నాకు యాదికున్నది ఆమె చెయ్యి. బీడీ ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి బొటనవేలు కాయ కాసిన చెయ్యి, నుదుటి మీద గరుకుగ తాకేది. బీడీలు చేయనన్నాళ్ళు ఆమెకు పగార్ లేదు, వెయ్యి బీడీలకింత అని లెక్క గద. ఆ బాకీ ఎవలు ఇచ్చిర్రో నాకు తెల్వది. నా చెల్లె బతకలే. మట్టి చేసిన నాడు కూడ ఆమె ప్రార్థన చేస్తనని అనలే. మా ఆచారం మేం చేస్కున్నం, ఆమె దూరం నిలబడ్డది.

అవతలి నెల నల్ల కాడ మా అమ్మ ఆమె బిందె ఎత్తి ముందట పెట్టింది. పెద్ద లొల్లి అయింది. రెండు ఇండ్లోళ్ళు మాతోని ఏండ్లకేండ్లు మాట్లాడలే, అందుల ఒకరు మా సొంత మేనత్తనే. ఏదో పెద్ద మార్పు వచ్చింది, చౌక్ అంత కలిసిపోయింది అని చెప్తే అబద్ధం అయితది. ఒక్క బిందె ముందటికి జరిగింది, అంతే.

"నీకు అంత ఓపిక ఎక్కడిది?" అని మెదకాయన పెండ్లామును మా అమ్మ అడిగిందట, చాలా రోజులకు. అప్పుడు చెప్పింది ఆమె ఏసయ్య గురించి. అడిగినంకనే చెప్పింది. మీరు గిది గుర్తు పెట్టుకోండ్రి.

ఇసొంటిదే దోర్నకల్ దిక్కు పెద్దగ జరిగిందని నేను తర్వాత చదువుకున్న. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తమిళాయన, మన తెలుగు నేర్చుకొని 1909ల దోర్నకల్‌కు వచ్చిండు. 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు. ఆయన సంఘంల ఉన్నోళ్ళు ఎక్కువ మంది మాల, మాదిగలే. వాళ్ళ తాగుడు మీద, అప్పు మీద గట్టిగ పట్టుబట్టెటోడు. బాప్తిస్మం తీసుకునేటోని చెయ్యి వాని నెత్తి మీద పెట్టిచ్చి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికిచ్చెటోడు. తర్వాత 1920లు, 30లల్ల ఏమైందంటే, భూములున్న కాపులు, ఇంకా వేరే శూద్ర కులాలోళ్ళు వేలల్ల సంఘంలకు వచ్చిర్రు. ఎందుకొచ్చిర్రయ్యా అంటే, దొరల ప్రసంగం ఇని కాదు, మా ఊరి మాలపల్లె మారింది, తాగుడు పోయింది, కొట్లాటలు తగ్గినయి, పిల్లలు బడికి పోతున్నరు, ఆ దేవుడెవరో సూడాలె అని వచ్చిర్రు. పికెట్ అనే అమెరికన్ మెథడిస్టు ఈ సంగతులన్ని ఊరూరు తిరిగి అడిగి రాసిండు. పాలేరును సూసి పటేలు నేర్చుకునుడు ఈ దేశంల ఎన్నిసార్లు జరిగి ఉంటది? నాకు మాత్రం అజరయ్య కట్టిన పెద్ద గుడి కంటే గిదే గొప్పగ కొడ్తది.

మా అమ్మ వెంటనే బాప్తిస్మం తీసుకోలే. పదేండ్లు పట్టింది. నడుమల నేను మరాఠీ బడిల చదివెటోన్ని కాబట్టి లక్ష్మీబాయి తిలక్ తన కథ రాసుకున్న పుస్తకం స్మృతిచిత్రే అమ్మకు చదివి తెలుగుల చెప్పెటోన్ని. నారాయణ వామన్ తిలక్, మరాఠీ కవి, చిత్పావన్ బ్రాహ్మడు, 1895ల బాప్తిస్మం తీసుకున్నడు. పెండ్లాం లక్ష్మీబాయికి భూమి బద్దలైనట్టయింది. మొగున్ని ఇడిసి ఏండ్లకేండ్లు ఉన్నది, అండ్ల కొన్నాళ్ళు మన జిల్లా పండరీపురంల. లక్ష్మీబాయి వాళ్ళ నాయిన మడి ఎంతటిదంటే, ఇంటికి తెచ్చిన ధాన్యం కూడ కడిగిచ్చెటోడు. అసొంటి ఇంటి బిడ్డ. మల్ల ఒక్కటైనంక కూడ ఆమె వంట వేరే, నీళ్ళు వేరే. తిలక్ జబర్దస్తి చేయలే. కోపిష్టి మనిషే, లెక్కాపత్రం లేని మనిషే, ఆమెనే రాసింది నవ్వుకుంట. కాని ఆమె విశ్వాసం మీద చెయ్యి ఎయ్యలే. ఆమె తనంత తాను ఆలోచించుకొని, కులం దేవుడు చేసింది కాదని తెలుసుకొని 1900ల బాప్తిస్మం తీసుకున్నది. మా అమ్మకు ఆ కథల అన్నింటికంటే నచ్చింది ఏందంటే, ఆయన ఆగిండు అన్నది. "మీ నాయిన కోసం నేను కూడ ఆగుత" అనేది.

మా చిన్నాయన సంగతి వేరే. జూనీ గిర్ణిల దూది దుమ్ము తిని తిని ఆయనకు రొమ్ము చెడ్డది, టీబీ అన్నరు. మిరజ్ మిషన్ దవాఖానకు తీస్కపోయినం. వాన్‌లెస్ డాక్టర్ పెట్టిన దవాఖాన, ఆయన ఎన్నడో పోయిండు గాని పేరట్లనే ఉన్నది. కుర్డువాడీల దిగి, బార్సీ లైట్ రైల్ చిన్న బండెక్కి, పండరీపురం మీదికెళ్ళి మిరజ్. ఆ బండి ఎంత మెల్లగ పోయేదంటే, దిగి మూత్రం పోసి మల్ల ఎక్కెటోళ్ళం. నెలలకొద్ది ఆడ ఉన్నడు. నర్సమ్మలు ఆయన ఉమ్మిన గిన్నె కడిగిర్రు, బువ్వ తినిపిచ్చిర్రు, రాత్రి దగ్గొస్తే లేసొచ్చిర్రు. వచ్చినంక మా చిన్నాయన క్రైస్తవుడు కాలే. సచ్చేదాక విభూతి పెట్టిండు. కాని చాల్‌ల ఎవలికి టీబీ వచ్చినా మిరజ్‌కు ఆయననే ఎంబడి తీస్కపోయెటోడు. ఆయనను ఏ లెక్కల రాయాలె? సంఘం రిజిస్టర్ల ఆయన పేరు లేదు. నాకైతే ఏసయ్య ఆయన దగ్గరికి వచ్చిండనే అనిపిస్తది, మన పాస్టరుగారు ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా.

ఇంకోటి కూడ చెప్పాలె, లేకపోతే మెదకాయన కథ తేనె పూసినట్టుంటది. మా గల్లీలనే ఇంకో విశ్వాసి ఉండె. గొంతు మంచిది, ప్రార్థన మొదలువెడ్తే గంట. బీడీలు చేసే ఆడోళ్ళకు వడ్డీకి పైసలిచ్చెటోడు, వారం తప్పితే వాకిట్ల నిలబడి ఇజ్జత్ తీసెటోడు. ఆదివారం ముందటి చాప మీద ఆయనే. మా నాయిన ఆయనను సూపిచ్చి, "మీ దేవుడు వీన్ని మార్చలే గద" అనెటోడు మా అమ్మతోని. ఆమె దగ్గర జవాబు లేకుండె. నా దగ్గర కూడ ఇయ్యాల్టికి లేదు. మెదకాయన పదేండ్లల్ల తెరిచిన తలుపు ఆయన ఒక్క శనివారం పొద్దున మూసెటోడు.

మా అమ్మ 1969ల బాప్తిస్మం తీసుకున్నది. నేను ఆ ఎనక. మా నాయిన తీసుకోలే. అమ్మను ఆదివారం ప్రార్థన ఇంటి దాకా సైకిల్ మీద దించి, బయట బండ మీద కూసోని బీడీ తాగెటోడు. ఏడాదికోసారి రథం తాడు పట్టుడు కూడ విడువలే. కాని మెదకాయన పని మానినంక కూడ, మా నాయిన సాంచా మీద తప్పు పడితే అంచుకు ఎర్ర పోగు కట్టెటోడు. దాని మీద ఎవలు ముచ్చట తీసినా, "యాపారం కోసం" అనెటోడు.

మెదకాయన సచ్చిపోయిన నాడు శవపెట్టె మోసిన ఎనిమిది మందిల ఆరుగురు సాలోళ్ళు, అండ్ల బాప్తిస్మం అయినోళ్ళు ఇద్దరే. ఆయన చెప్పి మార్చిన మనుషులు ఎంతమందంటే, నాకు తెలిసి ఒక్కలు లేరు.

ఇగ మీతోని నా మనవి ఒక్కటే. ఎల్లుండి కారల్స్‌కు ఎల్లుతున్నరు గద, డోలక్, గిటారు, మైకు అన్నీ సిద్ధం చేసుకున్నరు, మంచిదే. రాత్రి పది కొట్టంగనే మైకు బంద్ చెయ్యుండ్రి. మన గల్లీల బీడీలు చేసే ఆడోళ్ళు పొద్దున కార్ఖానాల బీడీలు అప్పజెప్పే యాల్లకు పోవాలె, వాళ్ళ నిద్ర చెడగొట్టి వాళ్ళకు పండుగ శుభాకాంక్షలు చెప్పకుండ్రి. పాటయినంక ఎవలింట్ల చాయ తాగితే ఆ గ్లాసులు కడిగిచ్చి రండ్రి.